కౌలు రైతుకు ధ్రువపత్రం వచ్చే దారేది?

సంపాదకులకు,

ఆంధ్రప్రదేశ్‌లో 2016లో రైతు సాధికార సంస్థ ద్వారా మొదలైన ప్రకృతి సేద్యంలోకి ఏటా కొత్త రైతులు వస్తున్నారు. కేంద్రం కూడా 2024 నవంబరులో రూ.2,481 కోట్లతో జాతీయ ప్రకృతి సేద్య మిషన్‌కు ఆమోదం తెలిపింది. చాలా సంతోషం. మా పొదుపు సంఘంలోనూ తొలకరికి ముందే నవధాన్యాలు చల్లేవాళ్లు పెరిగారు.

అయితే మాలో చాలామందిమి కౌలుదారులం. రసాయనాలు మానేశాక పీజీఎస్ ధ్రువపత్రం (పంట రసాయనాలు లేకుండా పండిందని రైతు బృందాలే ఒకరి పొలం ఒకరు చూసి ఇచ్చేది) రావడానికి రెండు మూడేళ్లు పడుతుంది. మా కౌలు మాత్రం నోటిమాట మీద ఏడాదికే. 2019 నాటి సాగుదారుల హక్కుల చట్టంలోనూ ఒప్పందం 11 నెలలకే, దానికీ యజమాని సంతకం కావాలి. పేడ, మూత్రం, బెల్లం, పప్పుల పిండి మోసుకొచ్చి, ఎకరానికి 200 లీటర్ల జీవామృతం అనే ద్రవ ఎరువు కలిపేది ఎక్కువగా ఆడవాళ్లమే. నేల గుల్లబారి, వానపాములు కనిపించే వేళకు యజమాని కౌలు పెంచుతాడు, లేదంటే పొలం వెనక్కి తీసుకుంటాడు. నాకు ఇదే జరిగింది. మళ్లీ యూరియా తాగిన మరో చెక్కలో మొదటినుంచి మొదలుపెట్టాను. ధ్రువపత్రం లేక ఈసారి పండిన ధాన్యం మామూలు ధరకే పోయింది.

ప్రకృతి సేద్యం చేసే రైతుల బృందాల్లో (క్లస్టర్లలో) పేర్లు రాసేటప్పుడు పట్టాదారుతో పాటు సాగుచేసే మనిషినీ నమోదు చేయాలి. కనీసం మూడేళ్ల కౌలు ఒప్పందం ఇచ్చే యజమానులకు ప్రభుత్వం ఏదైనా ప్రోత్సాహకం ప్రకటించాలి. ఖరీఫ్ కౌళ్లు కుదిరేలోపే ఇది తేలితే మాకు మేలు.

– ఒక కౌలు మహిళా రైతు, గుంటూరు జిల్లా