రాయి తీసిన ఊరికి లెక్క చెప్పండి

సంపాదకుడి గారికి,

మధ్యాహ్నం క్వారీ సైరన్ మోగగానే మా ఇంట్లో ఎవరో ఒకరు లేచి అరలో గాజు గ్లాసులు పట్టుకుంటారు. బ్లాస్టింగ్ అయ్యాక గిన్నెలు కాసేపు గలగలమంటూనే ఉంటాయి. పొద్దున డాబా మీద ఆరబోసిన మిరపకాయల్ని సాయంత్రం తిరగేస్తే చేతులకు బూడిద అంటుకుంటుంది. పాత నల్గొండ జిల్లాలో, కృష్ణ ఒడ్డున మఠంపల్లి, మేళ్లచెరువు చుట్టుపక్కల ఉండేవాళ్లకు ఇది రోజూ ఉన్నదే. మా నేల కింద సున్నపురాయి, పక్కనే సిమెంటు ఫ్యాక్టరీలు.

ఈ మధ్య ఏ పేపరు తిప్పినా ఖనిజాల గురించే. ఇండోనేసియా 2020 జనవరి నుంచి ముడి నికెల్ ఎగుమతి ఆపేసింది, కావాలంటే మా దగ్గరే ఫ్యాక్టరీ పెట్టుకోండి అంది. యూరోపియన్ యూనియన్ ప్రపంచ వాణిజ్య సంస్థకెక్కినా తగ్గలేదు. పేద దేశాలు రాయిని రాయిగా అమ్ముకోవద్దు, సరుకు చేసి అమ్మాలి అనే మాట నాకూ నచ్చుతుంది. కానీ మా ఊళ్లను చూస్తే అది సగం మాటే అనిపిస్తుంది. మా రాయి తవ్విన చోటే కాలి, సిమెంటై, బస్తాలకెక్కి లారీల్లో పోతోంది. ఫ్యాక్టరీ ఇక్కడే ఉంది. ఊరికి మిగిలింది మాత్రం దుమ్ము, పగుళ్లిచ్చిన గోడలు, టిప్పర్లు తొక్కిన రోడ్డు. ఫ్యాక్టరీ ఒక్కటే చాలదు, వాటా కూడా అడగాలి. ఆఫ్రికాలోని బోట్స్వానా 1966లో స్వతంత్రమైనప్పుడు కటిక పేద దేశం. వజ్రాల గనుల కంపెనీలో సగం వాటా కావాలని పట్టుబట్టి సాధించుకుంది.

మన లెక్క చూడండి. సున్నపురాయికి 2014లో కేంద్రం పెట్టిన రాయల్టీ, అంటే తవ్వినందుకు కంపెనీ ప్రభుత్వానికి కట్టేది, టన్నుకు 80 రూపాయలు. టన్ను సిమెంటుకు టన్నున్నర రాయి పడుతుందనుకున్నా, 50 కిలోల బస్తాకు ఆరు రూపాయలు. 2015 చట్ట సవరణతో వచ్చిన జిల్లా ఖనిజ ఫౌండేషన్‌కు పాత లీజులపై ఆ రాయల్టీకి 30 శాతం, వేలంలో ఇచ్చిన వాటిపై 10 శాతం అదనంగా కట్టాలి. గనుల వల్ల నష్టపోయిన ఊళ్ల తాగునీటికి, వైద్యానికి, చదువుకి పెట్టాల్సిన డబ్బు అది. మా ఊరికి ఎంత వచ్చిందని నేను ఒక ఆఫీసులో అడిగితే ఇంకో ఆఫీసుకు పొమ్మన్నారు. అక్కడ ఫైలు లేదన్నారు. రెండు రోజుల కూలీ పోయింది.

ఖనిజ హక్కులపై పన్ను వేసే అధికారం రాష్ట్రాలదేనని 2024 జులై 25న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీల ధర్మాసనం 8-1తో తేల్చింది. ఆ తర్వాత తమిళనాడు చట్టం చేసి సున్నపురాయికి టన్నుకు 160 రూపాయల పన్ను వేసింది. సిమెంటు ధర పెరుగుతుందని భయపెడతారు. పై లెక్కనే ఆ పన్ను బస్తాకు పన్నెండు రూపాయలు. ఆ భారం ఇప్పుడు లేదా? దగ్గు మందులకు, గోడ మరమ్మతులకు మేం కడుతూనే ఉన్నాం.

మన ప్రభుత్వం కూడా ఆ అధికారాన్ని వాడాలి. వచ్చిన దాంట్లో క్వారీ ఊళ్ల వాటా ఎంతో చట్టంలోనే రాయాలి. అంతకంటే ముందు, కొత్త చట్టమేమీ అక్కర్లేని పని ఒకటుంది. ఫౌండేషన్‌కు మా మండలాల నుంచి ఎంత జమ అయింది, ఏ ఊళ్లో దేనికి ఖర్చు చేశారు అనేది కలెక్టరు గారు వచ్చే గ్రామసభలోనే చదివించాలి.

— ఒక మిరప రైతు,
మఠంపల్లి మండలం, సూర్యాపేట జిల్లా