జింకల బయలులో మొక్కలు నాటొద్దు

సంపాదకుడు గారికి,

హైదరాబాద్ వనస్థలిపురం దగ్గరి మహావీర్ హరిణ వనస్థలి పార్కులో చెట్లు లేని నేల వృథాగా పడి ఉందని, దాని నిండా మొక్కలు నాటించాలని ఒక పాఠకుడు గత వారం ఇదే పేజీలో రాశారు. ఆయన మంచి మనసుతోనే రాసి ఉంటారు. అయినా చదివినప్పటి నుంచి నా మనసు ఊరుకోవడం లేదు. ఆయన వృథా అన్న ఆ గడ్డి మీదే కృష్ణజింకలు బతుకుతున్నాయి.

తెలంగాణ వచ్చాక మచ్చల జింక మన రాష్ట్ర జంతువైంది. దానికి చెట్ల నీడ ఇష్టం కాబట్టి జింకలన్నీ అంతే అనుకుంటున్నాం. కృష్ణజింక తీరు వేరు. మేయడానికి పొట్టి గడ్డి ఉండాలి, కుక్కో నక్కో వస్తుంటే దూరం నుంచే కనబడాలి, కనబడగానే అడ్డం లేకుండా పరుగెత్తాలి. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో దూకుతూ పోగల ప్రాణిని పొదల మధ్య ఇరికిస్తే ఎటు పోతుంది? కౌజులు, తీతువుల లాంటి పిట్టలు గుడ్లు పెట్టేదీ ఆ గడ్డి నేల మీదే. ఒకప్పుడు నిజాం వేటాడిన ఈ చోటును మహావీరుడి 2,500వ నిర్వాణ సంవత్సరం గుర్తుగా 1975లో జింకలకు వదిలారు. తర్వాత జాతీయ పార్కు కూడా చేశారు.

మొక్క నాటితే చాలు, పర్యావరణాన్ని కాపాడినట్టే అని జనానికి అలవాటు చేసింది అధికారులే. 2015లో హరితహారం మొదలైనప్పటి నుంచి ఎన్ని నాటారన్న లెక్కలు వింటున్నాం. ఎక్కడ ఏది నాటాలో ఆలోచించేవాళ్లు ఎవరు? కోనోకార్పస్ అనే విదేశీ చెట్టును రోడ్ల వెంట వరసగా పెట్టించిందీ వాళ్లే, తర్వాత వద్దన్నదీ వాళ్లే. ఆ ఖర్చుకు జవాబు చెప్పినవాళ్లు లేరు. నగరం చుట్టూ ఉన్న గడ్డి నేలలు వెంచర్ల కింద పోయాయి. విజయవాడ హైవే పక్కన కాలనీల మధ్య ఈ 3,600 ఎకరాలైనా మిగిలాయంటే చట్టం అడ్డుండబట్టే.

అటవీ శాఖకు అక్కడ చేయడానికి పని లేక కాదు. గడ్డిని కమ్మేసే సర్కారు తుమ్మను, లాంటానా పొదలను వేళ్లతో సహా తీయించాలి, ఎండాకాలంలో నీటి తొట్లు ఎండకుండా చూడాలి, వీధికుక్కలు లోపలికి రాకుండా గోడ గండ్లు పూడ్చాలి. ఆ పార్కులో ఇకపై ఒక్క మొక్క నాటాలన్నా ముందు వన్యప్రాణి నిపుణుల చేత పరిశీలన చేయించి, ఆ నివేదికను జనం ముందు పెట్టాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు, హయత్‌నగర్