గ్యాస్ ఒపెక్ రాదు, ప్రమాదం వేరే చోట ఉంది

సంపాదకులకు,

సహజ వాయువు (గ్యాస్) ధర పెరిగినప్పుడల్లా ‘ఎగుమతి దేశాలన్నీ, చమురు ఎగుమతి దేశాల కూటమి ఒపెక్ లాగా ఏకమైతే మన గతేంటి’ అనే మాట మళ్లీ వినిపిస్తుంది. ఆ భయం అనవసరమని, దానివల్ల అసలు ప్రమాదం మన కంట పడటం లేదని నా అభిప్రాయం.

ఆ దేశాలకు ‘గ్యాస్ ఎగుమతి దేశాల ఫోరం’ అనే సంఘం ఎప్పుడో ఏర్పడింది. 2001లో టెహ్రాన్‌లో మొదలై, 2008లో మాస్కోలో నిబంధనలు రాసుకుని, దోహాలో ఆఫీసు పెట్టుకుంది. రష్యా, ఇరాన్, ఖతార్, అల్జీరియా, నైజీరియా అందులో ఉన్నాయి. ప్రపంచ గ్యాస్ నిల్వల్లో దాదాపు 70 శాతం సభ్య దేశాలవే. అంత బలం ఉండి కూడా, ఎవరెంత అమ్మాలో చెప్పే కోటాలు ఇంతవరకు పెట్టుకోలేదు.

పెట్టుకోవడం కష్టం కూడా. చమురును ఓడకెత్తితే ఎక్కడికైనా పంపొచ్చు. గ్యాస్‌కు పైప్‌లైన్ వేస్తే అమ్మేవాళ్లూ కొనేవాళ్లూ ఇద్దరూ దానికి కట్టుబడిపోతారు. ఓడలో పంపాలంటే మైనస్ 162 డిగ్రీల దాకా చల్లబరిచి ద్రవంగా (ఎల్‌ఎన్‌జీగా) మార్చాలి. ఆ ప్లాంటుకు వందల కోట్ల డాలర్లు కావాలి, అప్పిచ్చేవాళ్లు ముందుగా ఇరవై ఏళ్ల కొనుగోలు ఒప్పందం చూపించమంటారు. ధర పెంచుకోవడం కోసం అలాంటి ప్లాంటును ఎవరు ఖాళీగా ఉంచుతారు? ఉంచినా ఆ లోటు పూడ్చడానికి సంఘం బయట అమెరికా, ఆస్ట్రేలియా ఉన్నాయి. 2023లో ఎల్‌ఎన్‌జీ ఎగుమతుల్లో అమెరికాదే మొదటి స్థానం. ఇక పైప్‌లైన్ బంధం ఎంత గట్టిదో చూడండి: 2017లో ఖతార్‌ను యూఏఈ దిగ్బంధించింది. అయినా ఖతార్ నుంచి యూఏఈకి డాల్ఫిన్ పైప్‌లైన్‌లో గ్యాస్ పారుతూనే ఉంది.

మన అనుభవమూ అదే. 2015లో బయట గ్యాస్ చవకైనప్పుడు మన దేశానికి గ్యాస్ దిగుమతి చేసే పెట్రోనెట్ సంస్థ ఖతార్ నుంచి ఒప్పుకున్నదాని కన్నా తక్కువ తీసుకుంది. జరిమానా వేలకోట్లలో పడాలి. ఖతార్ దాన్ని వదులుకోవడమే కాదు, ధరను దాదాపు సగానికి తగ్గించింది. ధరను శాసించే కూటమి (కార్టెల్) బలం ఉన్న దేశమైతే అలా దిగివచ్చేది కాదు.

అయితే 2022ను చూడండి. ఐరోపాకు వెళ్లే గ్యాస్‌ను తగ్గించడానికి రష్యాకు ఏ సంఘం తీర్మానమూ అక్కర్లేకపోయింది. ఐరోపా దేశాలు ఓడల్లో వచ్చే గ్యాస్‌ను ఎంత ధరకైనా కొనేశాయి, అంత ధర పెట్టలేని పాకిస్తాన్‌లో కరెంటు కోతలు గంటల తరబడి సాగాయి. మన ప్రభుత్వ గ్యాస్ సంస్థ గెయిల్‌కు దీర్ఘకాలిక ఒప్పందం కింద రష్యా గ్యాస్ సంస్థ గాజ్‌ప్రోమ్ అనుబంధ సంస్థ నుంచి రావాల్సిన గ్యాస్ ఆగిపోయింది. దాంతో ఇక్కడి ఎరువుల కర్మాగారాలకు సరఫరా తగ్గించాల్సి వచ్చింది. యూరియాకు ముడిసరుకు గ్యాసేనని, రామగుండం ప్లాంటు కూడా దాని మీదే నడుస్తుందని గుర్తుంచుకోవాలి. ఎక్కడో కవాటం తిప్పితే ఇక్కడ యూరియా బస్తా కోసం రైతు టెన్షన్ పడాలి. కృష్ణా-గోదావరి (కేజీ) బేసిన్ గ్యాస్ తగ్గిపోయి, దిగుమతి గ్యాస్ కొనే స్తోమత లేక మన గోదావరి, కృష్ణా జిల్లాల్లో మూలపడిన విద్యుత్ కేంద్రాలను చూశాక కూడా మనం మేలుకోకపోతే ఎలా?

దేశం వాడే గ్యాస్‌లో సగం దాకా దిగుమతే. అందులో పెద్ద వాటా ఖతార్‌ది. అదంతా పర్షియన్ గల్ఫ్ నుంచి బయటికి వచ్చే ఇరుకు సముద్ర మార్గం, హోర్ముజ్ జలసంధి దాటే రావాలి. 2024 ఫిబ్రవరిలో అదే ఖతార్‌తో 2028 నుంచి మరో 20 ఏళ్ల పాటు ఏటా 75 లక్షల టన్నులకు ఒప్పందం కుదిరింది. దాన్ని నేను తప్పుపట్టను. కానీ ఆ ఒక్క దారి మూసుకుపోతే ఏం చేస్తామో కేంద్రం చెప్పాలి. ముడి చమురుకు విశాఖపట్నంలో భూగర్భ నిల్వ కేంద్రం ఉంది. గ్యాస్‌కు దిగుమతి టెర్మినళ్లలోని ట్యాంకులే దిక్కు. కేజీ బేసిన్‌లో ఉత్పత్తి అయిపోయిన క్షేత్రాలు నిల్వకు పనికొస్తాయో లేదో ఓఎన్‌జీసీతో పరీక్ష చేయించి, ఆ నివేదికను పార్లమెంటు ముందు పెట్టాలి. కొరత వచ్చినప్పుడు ఎరువుల కర్మాగారాలకు కోత పడకుండా చూసే నిబంధన కూడా ఆ నివేదికతో పాటే తేవాలి.

– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం