చెప్పుకున్న బాధ మైకులోకి రాకూడదు

సంపాదకుడు గారికి నమస్కారం.

ఈమధ్య మా వైపు పాస్టర్ల కోసం కౌన్సెలింగు మీద రెండు రోజుల సదస్సు పెట్టారు. 31 ఏళ్లు ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైనదాన్ని కదా అని నన్నూ రమ్మన్నారు. వెనక వరుసలో కూర్చుని మొత్తం విన్నాను. బాగానే జరిగింది, భోజనాలు ఇంకా బాగున్నాయి. కానీ నేను వినాలనుకుని వెళ్లిన మాట, అంటే చెప్పుకున్నది పాస్టరు దగ్గరే ఆగాలన్నది మాత్రం వినబడలేదు. అందుకే ఈ ఉత్తరం.

మా తోటికోడలి కొడుకు రొయ్యల చెరువు లీజుకు తీసుకున్నాడు. వైట్ స్పాట్ అనే రొయ్యల జబ్బు వచ్చి పంట మొత్తం పోయింది. అప్పులవాళ్ల ఫోన్లు, రాత్రిళ్లు నిద్రలేకుండా గట్టు మీద తిరగడం, "నేను లేకపోతే మీకే నయం" అనడం. తల్లి భయపడి గురువారం సాయంత్రం వెళ్లి పాస్టరు గారి దగ్గర ఏడ్చింది. శుక్రవారం ఉపవాస కూటంలో ఆయన మైకు పట్టుకుని, "మన సంఘంలో ఒక సహోదరి కుమారుడు రొయ్యల అప్పులతో బతుకు మీద ఆశ వదులుకున్నాడు, భారంతో ప్రార్థించండి" అన్నారు. పేరు చెప్పలేదు. మా ఊళ్లో పేరు చెప్పాలా? స్పీకరు చెరువుగట్టు దాకా వినిపిస్తుంది. చీకటి పడకుండానే అప్పిచ్చినాయన గుమ్మంలో ఉన్నాడు, "పిల్లాడికి ఏదన్నా అయితే నా డబ్బు సంగతేంటి?" అంటూ. ఆ కుర్రాడు నాలుగు నెలలు ఇంట్లోంచి బయటికి రాలేదు.

ఆ పాస్టరు గారు చెడ్డాయన కాదు. మనస్ఫూర్తిగానే ప్రార్థన చేయించారు. తన దగ్గర చెప్పుకున్నది ఎక్కడ ఆగాలో ఆయనకు ఎవరూ నేర్పలేదు, అంతే.

సదస్సులో నాకు నచ్చిన సంగతి ఒకటుంది. 1925లో అమెరికాలోని ఊస్టర్ మానసిక వైద్యశాలలో ఆంటన్ బోయిసెన్ అనే పాస్టరు, దైవశాస్త్రం చదివే కుర్రాళ్లను తీసుకొచ్చి వార్డులో అటెండర్ల పనిలో పెట్టాడట. ఆయన కూడా అంతకు ఐదేళ్ల ముందు అలాంటి ఆసుపత్రిలోనే పేషెంటు. తర్వాత తర్వాత ఈ శిక్షణలో, రోగితో మాట్లాడి వచ్చాక ఆ సంభాషణను రాసి గురువుకు చూపించే పద్ధతి వచ్చింది. పేరు మాత్రం రాయరు. ఆ చివరి ముక్కను వక్త ఒక్క వాక్యంలో దాటేశారు. స్లయిడ్లన్నీ ఇంగ్లీషులోనే. లంక గ్రామాల నుంచి పొద్దున్నే బయల్దేరి వచ్చినవాళ్లు వాటిని ఫోన్లలో ఫొటోలు తీసుకున్నారు.

ఆసుపత్రిలో మాకు ఈ విషయంలో చట్టం ఉంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగి సంగతులు గోప్యంగా ఉంచాలంటుంది. ఆ కట్టుబాటు డాక్టరుకీ నర్సుకీ గానీ పాస్టరుకు కాదు. కానీ మా డెల్టాలో మనిషి ముందు వెళ్లేది డాక్టరు దగ్గరికా? పాస్టరు దగ్గరికే. 1836లో ఇంగ్లండు నుంచి వచ్చిన బౌడెన్, బీర్ దొరలు నరసాపురం, పాలకొల్లు వైపు సేవ మొదలుపెట్టిన నాటి నుంచి తరతరాలుగా ఉన్న అలవాటిది. 1996 నవంబరు 6 తుపాను తర్వాత కోనసీమలో డ్యూటీ చేశాను. మా మందుల పెట్టె కంటే ముందే చేరి, మొగుణ్ణి పోగొట్టుకున్నవాళ్ల పక్కన కూర్చున్న పాస్టర్లను చూశాను. అంత నమ్మకం ఉన్నచోట జాగ్రత్త కూడా అంతే ఉండొద్దా? దర్గాకి వెళ్లినా, స్వామీజీ దగ్గరికి వెళ్లినా నేను ఇదే అంటాను.

ఇకమీదట ఇలాంటి సదస్సు పెట్టేవాళ్లు దీన్నే మొదటి పాఠంగా పెట్టాలి, అదీ తెలుగులో. చెప్పుకున్నవాళ్లు ఒప్పుకుంటే తప్ప ఏదీ ప్రార్థన మనవి కాకూడదు. ప్రాణం మీదికొచ్చే మాటైతే ఇంట్లో ఒకరికి, ఒక డాక్టరుకి చెప్పక తప్పదు. అలా చెప్పాల్సి వస్తుందని, వినడం మొదలుపెట్టకముందే వాళ్లకు చెప్పెయ్యాలి. ఆరాధన వేళలు రాసే బోర్డు మీదే మానసిక బాధలకు ప్రభుత్వం పెట్టిన ఫోన్ సాయం టెలి మానస్ నంబరు 14416 కూడా రాయించవచ్చు. పైసా తీసుకోరు, తెలుగులోనే మాట్లాడతారు. ఇంకొకటి, ఆడవాళ్లు కువైట్ సంగతులూ కోడలి సంగతులూ చెప్పుకునేది పాస్టరమ్మ గారికి. సదస్సుకి వచ్చిన ఒకరిద్దరు పాస్టరమ్మలు కూడా రెండు రోజులూ వడ్డన దగ్గరే ఉన్నారు.

మావాణ్ణి చివరికి భీమవరంలో మానసిక వైద్యుడికి చూపించాం. కూర్చోగానే వాడు అడిగిన మొదటి మాట, "ఇది బయటికి వెళ్తుందాండీ?" వెళ్లదన్నాకే నోరు విప్పాడు. ఇప్పుడు బాగున్నాడు. వాణ్ణి అడిగి, సరేనన్నాకే ఇదంతా రాశాను. దయచేసి నా పేరూ మా ఊరి పేరూ వెయ్యకండి.

— ఒక రిటైర్డ్ స్టాఫ్ నర్సు, పశ్చిమ గోదావరి జిల్లా