మంత్రసానికి శిక్షణతో పాటు జీతం, డాక్టరు అండ ఉండాలి

సంపాదకుల వారికి నమస్కారం.

ప్రభుత్వ ఆసుపత్రులలో సహజ కాన్పులు పెంచడానికి మిడ్‌వైఫ్‌లను, అంటే శిక్షణ పొందిన మంత్రసానులను, తయారు చేయాలన్న విషయంపై మీ పత్రికలో సాగుతున్న చర్చను ప్రసూతి వార్డులో నర్సుగా పనిచేసి విశ్రాంతి పొందిన నేను శ్రద్ధగా చదువుతున్నాను. ఎక్కువమంది శిక్షణ గురించే రాశారు. శిక్షణ పొందిన మనిషికి జీతం ఎవరిస్తారు, ఆపదలో ఆమె కబురు పంపితే డాక్టరు వస్తారా అన్నవి అంతకంటే పెద్ద ప్రశ్నలని నా అభిప్రాయం.

ఈ ప్రశ్నలను ఇంగ్లండు అనుభవమే ముందుకు తెస్తుంది. అక్కడ 1902లో మంత్రసానుల చట్టం వచ్చింది. సర్టిఫికెట్ లేనివారు 1905 నుంచి ఆ పేరు పెట్టుకోకూడదనీ, 1910 నుంచి డాక్టరు పర్యవేక్షణ లేకుండా డబ్బు తీసుకుని కాన్పులు చేయడమే వృత్తిగా పెట్టుకోకూడదనీ నిర్ణయించారు. అప్పటికే ఏడాదికి తక్కువ కాకుండా పనిచేస్తూ మంచి నడవడి ఉన్న పాత మంత్రసానులను కూడా జాబితాలో చేర్చుకోవడం వివేకమైన పని, ఎందుకంటే బీదల ఇళ్లకు వెళ్లేది ఎక్కువగా వారే. స్థానిక కౌన్సిళ్ల తరఫు ఇన్‌స్పెక్టర్లు వారి సంచీ, రిజిస్టరు, శుభ్రత పరిశీలించేవారు. ప్రమాదం కనిపిస్తే డాక్టరును పిలిపించాలన్నది నియమం. అయితే ఆ డాక్టరు ఫీజు ఎవరు కట్టాలో చట్టం చెప్పలేదు. కూలివాడి ఇంట్లో డబ్బు లేదు, ఫీజు వస్తుందన్న భరోసా డాక్టరుకు లేదు, మధ్యలో నలిగిపోయింది బాలింత. ఆ ఫీజును స్థానిక సంస్థ చెల్లించి, స్తోమత ఉన్న కుటుంబాల నుంచి తర్వాత వసూలు చేసుకునే ఏర్పాటు 1918లో గానీ రాలేదు. మంత్రసానులకు జీతాలిచ్చే బాధ్యతను స్థానిక సంస్థలపై పెట్టిన చట్టం కోసం 1936 దాకా ఆగవలసి వచ్చింది.

1902, 1918 చట్టాలు వచ్చినా 1930ల తొలి ఏళ్లలో అక్కడ ప్రతి వెయ్యి కాన్పులకు నలుగురికి పైగా తల్లులు చనిపోతూనే ఉన్నారు. పురిటి జ్వరానికి సూక్ష్మక్రిములను అరికట్టే సల్ఫా మందులు వచ్చాకనే ఆ సంఖ్య బాగా తగ్గింది. కనుక మంత్రసాని ఒక్కతే అన్నీ చక్కదిద్దుతుందని నేను అనడం లేదు.

మన చెన్నైకి ఈ విషయం కొత్తది కాదు. ఎగ్మూరు ప్రసూతి ఆసుపత్రి 1844 నాటిది, నర్సులు, మంత్రసానుల నమోదుకు అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలో 1926లోనే చట్టం వచ్చింది. అలాంటి చోట, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తమిళనాడు కాన్పులలో దాదాపు 45 శాతం సిజేరియన్లే కావడం నన్ను బాధిస్తోంది. తెలంగాణ 2017లోనే మిడ్‌వైఫ్ శిక్షణ మొదలుపెట్టినా, అదే సర్వేలో అక్కడ సిజేరియన్లు 60 శాతం దాటాయి.

కార్పొరేషన్ ప్రసూతి కేంద్రాలలో మిడ్‌వైఫ్‌లకు శాశ్వత పోస్టులు, నిర్ణీత జీతం ఇవ్వాలి. వారు పిలవగానే వచ్చే డ్యూటీ డాక్టరు పేరును ప్రతి షిఫ్టుకూ ముందే రాసిపెట్టాలి. ఉత్తర చెన్నై కేంద్రాలలోనైనా తెలుగు వచ్చిన వారిని నియమించాలి. నెల్లూరు, చిత్తూరు వైపు నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాల ఆడపిల్లలు నొప్పుల వేళ తమిళంలో తమ బాధ చెప్పుకోలేక మౌనంగా ఉండిపోవడం వార్డులో నేను కళ్లారా చూశాను.

ఇట్లు,
ఒక విశ్రాంత స్టాఫ్ నర్సు,
పెరంబూరు, చెన్నై.