మీ సిస్టమ్‌లో ఎస్‌ఎంపీఎస్ మార్చి ఇస్తాను, డబ్బులు తీసుకోను

విజయనగరం గంటస్తంభం దగ్గర మన షాపులో ఈ సంక్రాంతి తర్వాత గ్రాఫిక్స్ కార్డుతో సిస్టమ్ కట్టించుకున్న వాళ్లందరికీ ఈ సంగతి చెప్పాలి. పని మధ్యలో స్క్రీన్ ఒక్కసారిగా నల్లగా అయిపోతోందని, కార్డు ఫ్యాన్లు హోరుమని తిరుగుతున్నాయని, ఒక్కోసారి మొత్తం రీస్టార్ట్ అయిపోతోందని మీలో చాలామంది చెప్పారు. కారణం దొరికింది. కార్డు బాగుంది, విండోస్ బాగుంది, మీ ఇంటి కరెంటూ బాగుంది. నేను పెట్టిన ఎస్‌ఎంపీఎస్, అంటే సిస్టమ్ లోపలి భాగాలన్నిటికీ కరెంటు అందించే డబ్బా, బాగాలేదు.

మూడు నెలలుగా నేను మీకు చెప్పింది వేరు. డ్రైవర్ (విండోస్‌లో కార్డును నడిపించే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేయండన్నాను. మీ వీధిలో వోల్టేజ్ హెచ్చుతగ్గులు ఉన్నాయన్నాను. ఎర్తింగ్ చూపించుకోమన్నాను. బొబ్బిలి నుంచి ఒక అమ్మగారు బీటెక్ చదివే కొడుకు కోసం నా మాట నమ్మి యూపీఎస్ కూడా కొన్నారు. ఆ యూపీఎస్ నేను వెనక్కి తీసుకుని, ఇచ్చిన డబ్బు పూర్తిగా ఇచ్చేస్తాను. నా మాట మీద అలా ఇంకెవరైనా కొని ఉంటే వాళ్లకీ అంతే.

అసలు విషయం బయటపడింది నెల్లిమర్లలో పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే ఒక కుర్రాడి వల్ల. అతని సిస్టమ్‌లో ఆర్‌టీఎక్స్ 3060 కార్డు ఉంది. ఎడిట్ చేసిన వీడియోను ఫైలుగా ఎక్స్‌పోర్ట్ పెట్టిన కాసేపటికల్లా స్క్రీన్ పోయేది. మొదటి రెండుసార్లు ఫోన్‌లో గట్టిగానే అడిగాడు. మూడోసారి "ఏటి సార్, మళ్లీ అలాగే పోయింది" అని ఊరుకున్నాడు. ఆ తర్వాత సిస్టమ్ విశాఖపట్నం తీసుకెళ్తే, అక్కడెవరో "మీ విజయనగరం వాళ్లకి లోడు లెక్క తెలీదు" అన్నారట. ఇరవై ఏళ్లుగా ఇదే పని చేస్తున్నాను. ఆ మాటకు నాకు తల కొట్టేసినట్టయింది. అతన్ని బతిమాలి సిస్టమ్ నా దగ్గర వదిలేయమన్నాను.

విండోస్ తన తప్పులు రాసుకునే చిట్టా, ఈవెంట్ వ్యూయర్, తెరిస్తే 4101 నంబరు కనిపించింది. డిస్‌ప్లే డ్రైవర్ స్పందించడం ఆపేసి మళ్లీ కోలుకుందని దానర్థం. కార్డు నుంచి 2 సెకన్లు జవాబు రాకపోతే విండోస్ డ్రైవర్‌ను తనే రీసెట్ చేస్తుంది. అందులో డ్రైవర్ పేరే ఉంటుంది కాబట్టి తప్పు డ్రైవర్‌దే అనుకుంటాం. నేనూ అలాగే మోసపోయాను. సేఫ్ మోడ్‌లోకి వెళ్లి డీడీయూ అనే సాఫ్ట్‌వేర్‌తో పాత డ్రైవర్ ఆనవాళ్లన్నీ తుడిచేసి, కొత్తది వేసి చూశాను, అంతకు ముందుదీ వేసి చూశాను. ర్యామ్ ఒక్కో స్టిక్ విడిగా పరీక్షించాను. కార్డు వేడి 68 డిగ్రీలు దాటలేదు. చివరికి ఆ కార్డు తీసి నా షాపు సిస్టమ్‌లో పెట్టి రాత్రంతా లోడు మీద వదిలేశాను. పొద్దున్నకి ఒక్క క్రాష్ లేదు. నా కార్డు అతని సిస్టమ్‌లో పెడితే పది నిమిషాల్లో స్క్రీన్ నల్లబడింది.

అప్పుడు మల్టీమీటర్ తీశాను. కార్డుకు వెళ్లే 8 పిన్నుల కనెక్టర్ వెనక నుంచి పసుపు వైరుకు సూది ఆనించాను. ఖాళీగా ఉన్నప్పుడు 12.1 వోల్టులు. ఎక్స్‌పోర్ట్ మొదలుపెట్టగానే 11.5, ఆ తర్వాత 11.3. ఈ రకం ఎస్‌ఎంపీఎస్‌లకు ఉన్న రూలు ప్రకారం 12 వోల్టుల లైను 5 శాతానికి మించి పడిపోకూడదు, అంటే 11.4 దగ్గర ఆగాలి. పైగా మల్టీమీటర్ నెమ్మదిగా చదువుతుంది. కార్డు మిల్లీసెకన్ల పాటు ఒక్క ఉదుటున కరెంటు లాగుతుంది, ఆ దెబ్బ మీటర్లో కనబడదు. మీటరుకే 11.3 చూపించిందంటే ఆ క్షణంలో ఇంకెంత కిందికి పోయిందో.

ఇదే మోడల్ ఎస్‌ఎంపీఎస్ నాలుగేళ్లుగా వాడుతున్నాను, ఇదివరకు ఒక్క కంప్లయింట్ రాలేదు. కొత్త లాటుకూ అదే డబ్బా, అదే స్టిక్కర్, 12 వోల్టుల దగ్గర అదే 42 ఆంపియర్ల లెక్క. చేత్తో పట్టుకుంటే మాత్రం తేలిగ్గా అనిపించింది. పాతదీ కొత్తదీ పక్కనున్న కిరాణా కొట్టుకు పట్టుకెళ్లి కాటా మీద పెట్టాను. పాతది కిలో 720 గ్రాములు, కొత్తది కిలో 390. విప్పి చూస్తే లోపల పెద్ద కెపాసిటర్ చిన్నదైపోయింది, ట్రాన్స్‌ఫార్మర్ కూడా చిన్నదైపోయింది. (మీరు మాత్రం ఇంట్లో విప్పకండి. ప్లగ్ పీకేశాక కూడా కెపాసిటర్‌లో చార్జి నిలిచి ఉంటుంది, ప్రాణం మీదకు వస్తుంది.)

సరుకు ఇచ్చిన డిస్ట్రిబ్యూటర్‌కు ఫోన్ చేస్తే "టెస్టర్ పెట్టి చూశాం, ఓకే ఉంది, రీప్లేస్‌మెంట్ రాదు" అన్నాడు. లోడు లేకుండా టెస్టర్ పెడితే పచ్చలైటు ఎందుకు వెలగదు? మీటర్ రీడింగ్ వీడియో తీసుకుని స్వయంగా వెళ్లాను. ఫోన్ వైపు కూడా చూడలేదు. "మీ ఊళ్లో కరెంటు అలా ఉంటుంది" అన్నాడు. మీకు నేను చెప్పిన మాటే తిరిగి నాకు చెప్పాడు. అక్కడ నిలబడి ఉండగానే మీ అందరి ముఖాలూ గుర్తొచ్చాయి. పదకొండేళ్ల లావాదేవీ, ఏనాడూ ఒక్క రూపాయి బాకీ పెట్టలేదు. ఆ రోజే ఖాతా మూసేశాను. వారం తర్వాత సగం డబ్బు క్రెడిట్ ఇస్తానని కబురు పంపాడు. వద్దన్నాను. ఊరికే ఇచ్చినా ఆ సరుకు ఇక మన షాపు మెట్టెక్కదు.

ఆ లాటులోవి 31 మీ సిస్టమ్‌లలో ఉన్నాయి. కంప్లయింట్ చెప్పింది 14 మంది. మిగతావాళ్లలో చాలామందివి జీటీఎక్స్ 1650 లాంటి చిన్న కార్డులు. 75 వాట్లతో సరిపెట్టుకుంటాయి కాబట్టి బయటపడలేదు. అడిగిన 14 మందికి మార్చి ఊరుకోవచ్చు. మా ఇంట్లో కూడా "అడగని వాళ్లకి ఎందుకు చెప్పడం" అన్నారు. 31కీ మార్చాలంటే ఒక్కోటి 4,600 చొప్పున 1,42,600 రూపాయలు. సిరిమానోత్సవానికి ముందు షాపుకు కొత్త బోర్డు, కొత్త షట్టరు పెట్టాలని ఏడాదిగా దాచిన డబ్బది. మూడు లాంతర్ల నుంచి కోట దాకా జనమంతా మన బోర్డు చూడాలని నా ఆశ. రెండు వారాలు లెక్కలు వేస్తూ కూర్చున్నాను. సగం మందికి మారిస్తే ఎలా, మార్చి పెట్టే ఎస్‌ఎంపీఎస్‌ల ధర దిగేదాకా ఆగితే ఎలా అని. ఇవాళ చిన్న కార్డు ఉన్నవాళ్లు రేపు పెద్దది కొంటారు, అది నడవాల్సింది ఇదే ఎస్‌ఎంపీఎస్ మీద. అది తెలిసి నేను ఊరుకోలేను. అందుకే 31కీ మారుస్తున్నాను. బోర్డు పాతదే ఉంటుంది.

సీపీయూ ఒక్కటి తెస్తే చాలు, బిల్లు కూడా అక్కర్లేదు. గంటలో అయిపోతుంది. ఈ నెలంతా ఆదివారాలూ షాపు తీసే ఉంటుంది. సాలూరు, పార్వతీపురం వాళ్లు ఫోన్ చేయండి, నేనే వస్తాను. వచ్చేదాకా ఆఫ్టర్‌బర్నర్‌లో (కార్డు పవర్, వేగం సర్దే సాఫ్ట్‌వేర్) పవర్ లిమిట్ 75 శాతానికి దించుకోండి, ఓవర్‌క్లాక్ చేసి కార్డు వేగం పెంచి ఉంటే తీసేయండి. వేగం కొంచెం తగ్గుతుంది గానీ పని మధ్యలో పోదు. మార్చాక కూడా క్రాష్ అయితే సిస్టమ్ మళ్లీ తెండి. దుమ్మో, వదులైన కనెక్టరో, కార్డు బరువుకు వంగడమో, ఏదైనా సరే దగ్గరుండి చూస్తాను.

ఇప్పుడు పెడుతున్న ప్రతి ఎస్‌ఎంపీఎస్‌నూ అరగంట లోడు మీద నడిపి, వచ్చిన వోల్టేజ్ కాగితం మీద రాసి, సంతకం చేసి, క్యాబినెట్ తలుపు లోపల అంటిస్తున్నాను. నెల్లిమర్ల కుర్రాడి దాంట్లో 11.9 అని ఉంది. మూడు పెళ్లిళ్ల వీడియోలు వరసగా ఎక్స్‌పోర్ట్ అయ్యాయని మొన్న రాత్రి ఫోన్ చేశాడు.

మీ సిస్టమ్‌ల నుంచి తీసేసిన ఎస్‌ఎంపీఎస్‌లు కౌంటర్ కింద పేరుస్తున్నాను. సెకండ్ హ్యాండ్‌లో ఎవరూ మళ్లీ అమ్మకుండా ఒక్కోదాని వైర్లు మొదట్లోకి కోసేస్తున్నాను. ఇప్పటికి తొమ్మిదయ్యాయి.