నాన్నగారికి, వియన్నా నుంచి

నాన్నగారికి, అమ్మకి నమస్కారాలు.

నేను బాగానే ఉన్నాను. ఆఫీసు మామూలే. ఫోన్‌లో నా గొంతు తేడాగా ఉందని అమ్మ రెండుసార్లు అడిగింది. ఉత్త జలుబు, టెన్షన్ పడొద్దని చెప్పండి.

నాన్నగారూ, మీకు చూపించాల్సినది ఒకటి కొన్నాను. ఇక్కడ నాష్‌మార్క్ట్ దగ్గర శనివారాలు పాత సామాన్ల సంత పెడతారు. అందులో దొరికింది. రాగి రేకు మీద చెక్కి అచ్చు వేసిన బొమ్మ. 45 యూరోలు. అమ్మా, తిట్టకు, ఈ నెల వేరే ఖర్చేమీ పెట్టలేదు.

1683లో టర్కీ సైన్యం ఈ ఊరి కోటని ముట్టడించిన బొమ్మ అది. పైనుంచి పక్షి చూసినట్టు ఉంటుంది. కోణాలుగా పొడుచుకొచ్చిన బురుజులు, కందకం, అవతల డేరాలే డేరాలు. నిన్న రాత్రి నిద్ర పట్టక వాటిని లెక్కపెడుతూ కూర్చున్నాను. కందకం వైపు గోతులు వంకరటింకరగా తవ్వుకొచ్చారు. తిన్నగా తవ్వితే కోట మీంచి ఫిరంగి గుండు గోతి పొడవునా దూసుకొస్తుంది కదా! జులై 14 నుంచి సెప్టెంబరు 12 దాకా లోపలివాళ్లు తట్టుకున్నారు. టర్కీవాళ్లు బురుజుల కింద సొరంగాలు తవ్వి తుపాకీమందు పేల్చారు. ఆ గోడలు ఇప్పుడు లేవు. 1858లో పడగొట్టడం మొదలుపెట్టి, ఆ జాగాలో పెద్ద రోడ్డు వేశారు. నేను రోజూ ట్రామ్‌లో వెళ్లేది దాని మీదే. బొమ్మలో ఓ మూల, ఊరిని కాపాడటానికి వచ్చిన పోలండ్ రాజు సోబియెస్కీ గుర్రపు దళం కొండ దిగుతోంది, ఆవగింజలంత. గోడ కూలిన రోజూ వాళ్లు వచ్చిన రోజూ వేరు, ఇక్కడ మాత్రం రెండూ ఒకే కాగితం మీద.

అసలుదో కాదో అని మీరు అడుగుతారని తెలుసు. 1683 అని ఉన్నది యుద్ధం జరిగిన ఏడాది, అచ్చేసిన ఏడాది కాదు. అంచు వెంట వేలితో తడిమితే రేకు నొక్కిన గుంట తగులుతుంది, ఎడమవైపు మాత్రం ఎవరో కత్తిరించేశారు. భూతద్దంలో చూస్తే, ఇప్పటి మెషిన్ అచ్చులో ఉండే చుక్కలు లేవు, గీతలే. సన్నగా మొదలై నడుమ లావెక్కి మళ్లీ సన్నబడుతున్నాయి. చేత్తో చెక్కిందే. ఆకాశంలో గీతలు వెలిసినట్టున్నాయి, రేకు అరిగిపోయాక వేసిన కాపీ అనుకుంటా.

కింద వివరాల్లో ఒక N తిరగబడి ఉంది! అచ్చులో సరిగ్గా రావాలంటే రేకు మీద అన్నీ తిప్పి చెక్కాలి కదా, ఆ ఒక్కటీ మరిచిపోయాడు పాపం. అది చూడగానే మీ ఇత్తడి ముద్రలే గుర్తొచ్చాయి. ఒక్క అక్షరం తిప్పడం మరిచిపోయి రాత్రంతా కూర్చుని ముద్ర మొత్తం మళ్లీ చెక్కారు చూడండి, ఆరోజు అన్నం కూడా తినలేదు మీరు. ఇతనికి ఆ ఓపిక లేకపోయిందో, రేకు ఖరీదే ఎక్కువో!

కంట్లో చుక్కలు వేళకి వేసుకుంటున్నారా? ఆపరేషన్ అయిన కన్ను నలపొద్దు. అమ్మకి తెలియకుండా పని ముందు కూర్చోవద్దు.

ఫోటో పంపను, ఫోటోలో ఆ గుంట తెలియదు. వచ్చేటప్పుడు నేనే తెస్తాను. ఎప్పుడని మాత్రం ఈసారికి అడక్కండి. మీ భూతద్దం ఎవరికీ ఇచ్చేయకండి.

మీ అమ్మాయి